మత్తుమందు

పేపర్లో ‘మత్తుమందు’ అంటే పోలీసుల వార్త. పట్టుబడింది గంజాయి అయినా, ట్రమడాల్ నొప్పి మాత్రలైనా మాట అదే. ఆస్పత్రిలో ఆపరేషన్‌కు ముందు ఇచ్చేదీ మత్తుమందే, ఇచ్చేవారు ‘మత్తు డాక్టరు’. చిక్కంతా క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ రాసినప్పుడు. ‘మా నాన్నకి మత్తుమందు వద్దండీ, అలవాటైపోతుంది’ అంటారు ఇంటివాళ్లు. డాక్టరు కనిపెట్టి చూస్తూ సరైన మోతాదులో ఇస్తే, నొప్పితో ముడుచుకుపోయిన మనిషి లేచి కూర్చుని నాలుగు ముద్దలు తినగలిగేది ఆ మందుతోనే. మత్తుకు మూలం సంస్కృత ‘మత్త’, ధాతువు ‘మద్’: పొంగిపోవడం, ఒళ్లు తెలియకపోవడం. మదపుటేనుగు, పద్యాల్లోని మత్తేభం, ఉన్మత్త నుంచి వచ్చిన మన ఉమ్మెత్త, అన్నీ ఆ ఇంటివే. మత్తుమందు రవాణాపై పోలీసులు ‘అప్రమత్తం’ అవుతారే, అదీ అంతే! రంకెలేసే ఆ మత్త తెలుగులో స్థిరపడ్డాక కళ్లు మూతలు పడే నిద్రమత్తు కూడా అయింది. మార్ఫిన్ పేరు మాత్రం మొదటి నుంచీ నిద్ర వైపే ఉంది. 19వ శతాబ్దం మొదట్లో జర్మన్ ఫార్మసిస్టు సెర్ట్యూర్నర్ దాన్ని నల్లమందు నుంచి విడదీసి, గ్రీకుల కలల దేవుడు మార్ఫియస్ పేరు తగిలించాడు. మన ‘నల్లమందు’ ఎంత నిదానమైన మాటో చూడండి, రంగు చెప్పి ఊరుకుంది. మత్తు అనలేదు, పైగా మందు అంది. 2018లో మన దేశంలో, నొప్పికి మందే అయిన ట్రమడాల్‌ను కూడా మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. ఆ ‘మాదక’ కూడా మద్ సంతానమే.