గోడ మధ్యన నిలబడ్డ గాయకుడు

ఇటీవల ఒక మిత్రుని ఇంటికి వెళ్ళాను. ఆయన కొత్తగా స్పీకర్ల జత కొన్నారు. ఒకటి టీవీ పక్కన ఉంది, రెండవది తలుపు మీది అరలో ఉంది. "శబ్దం గది నిండా వస్తోంది, చూశారా!" అన్నారు సంబరంగా. నిజమే, గది నిండా శబ్దం ఉంది. కానీ గాయకుడు ఎక్కడ నిలబడి పాడుతున్నాడో, వయొలిన్ ఏ పక్కనుందో తెలియడం లేదు. స్టీరియో అంటే రెండు పెట్టెలన్న అపోహ మనలో చాలామందికి ఉంది. గ్రీకులో 'స్టెరియోస్' అంటే ఘనమైనది, నిండైన ఆకృతి గలది అని అర్థం. ఆ ఆకృతి కోసం జరిగిన అన్వేషణ చాలా పాతది.

1881లో పారిస్ విద్యుత్ ప్రదర్శనలో క్లెమాఁ అదేర్ అనే ఇంజనీరు ఒపేరా వేదిక మీద టెలిఫోన్ ట్రాన్స్‌మిటర్లు అమర్చి, తీగల ద్వారా పాటను ప్రదర్శనశాలకు చేర్చాడు. చెవికొకటి చొప్పున రెండు రిసీవర్లు పెట్టుకున్న శ్రోతలకు, నటులు వేదికపై అటూ ఇటూ కదలడం కూడా వినిపించింది! దానికి కారణాన్ని 1907లో లార్డ్ రేలీ వివరించాడు. పక్కనుంచి వచ్చే ధ్వని ఒక చెవికి ముందు, రెండవ చెవికి సెకనులో వెయ్యోవంతు కన్నా తక్కువ ఆలస్యంగా చేరుతుంది. పై స్థాయి స్వరాలకు తల అడ్డుపడి, అవతలి చెవికి బలం తగ్గుతుంది. ఈ రెండు ఆనవాళ్ళతోనే మెదడు దిక్కును పోల్చుకుంటుంది.

అయితే స్పీకర్ల దగ్గర ఒక చిక్కుంది. ప్రతి స్పీకరూ రెండు చెవులకూ వినిపిస్తుంది. ఈ చిక్కునే ఉపాయంగా మార్చుకున్నవాడు ఇంగ్లండుకు చెందిన అలన్ బ్లమ్‌లీన్. సినిమాకు వెళ్ళినప్పుడు, తెర మీద నటుడు ఒక పక్కనుంటే మాట మరో చోటినుంచి రావడం ఆయనకు నచ్చలేదట. 1931 డిసెంబరు 14న, ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో, పేటెంటుకు దరఖాస్తు చేశాడు. రెండు స్పీకర్ల బలంలో తగిన తేడా ఉంచితే, రెండు ధ్వనులూ కలిసి చెవుల దగ్గర కాలభేదాన్ని పుట్టిస్తాయని, పెట్టె లేని చోటినుంచి ధ్వని వచ్చినట్లు తోస్తుందని ఆయన గ్రహించాడు. ఒకే గాడి రెండు గోడల మీద రెండు చానళ్ళను చెక్కే పద్ధతి కూడా ఆ పేటెంటులోనే ఉంది.

1933లో అమెరికాలో బెల్ లాబ్స్ వారు ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా సంగీతాన్ని మూడు చానళ్ళలో వాషింగ్టన్ సభామందిరానికి పంపారు. అది పెద్ద సభకు తగిన ఏర్పాటు. ఇంట్లో కూర్చుని వినేవారికి దక్కినది బ్లమ్‌లీన్ రెండు చానళ్ళ మార్గమే. 1934లో అబీ రోడ్ స్టూడియోలో థామస్ బీచమ్ నిర్వహించిన మొజార్ట్ సింఫనీని ఆయన అలా ముద్రించాడు. కానీ అది అంగడికి రాలేదు. ఆయన పని టెలివిజన్ వైపుకు, తరువాత యుద్ధకాలపు రాడార్ వైపుకు మళ్ళింది. 1942 జూన్ 7న రాడార్ పరీక్షకు వెళ్ళిన విమానం కూలి, ముప్పై ఎనిమిదేళ్ళకే మరణించాడు. స్టీరియో గ్రామఫోను రికార్డులు జనం ఇళ్ళకు చేరింది 1958లో. తాను కనిపెట్టినదాన్ని ఇంటింటా వినే భాగ్యం ఆయనకు లేకపోయింది.

మనకు ఆ భాగ్యం ఉంది. దాన్ని తలుపు మీది అరలో పారేసుకోవడం న్యాయమా?

మిత్రుని అనుమతితో రెండు పెట్టెలనూ ఒకే ఎత్తున, చెవుల మట్టానికి దించాం. వాటి మధ్య ఎంత దూరముందో, మా కుర్చీ నుంచి ఒక్కొక్కదానికీ దాదాపు అంతే దూరం ఉండేటట్లు జరిపాం. వెనుక గోడకు కాస్త ఎడం ఇచ్చాం. ముందుగా ఒకే చానల్లో ముద్రితమైన ఘంటసాల పాట పెట్టాం. అమరిక సరిగా ఉంటే అటువంటి పాటలో గొంతు సరిగ్గా మధ్యన నిలవాలి. నిలవలేదు, ఎక్కడా ఆనకుండా చెదిరిపోయింది. చూస్తే ఒక స్పీకరుకు ఎరుపు, నలుపు తీగలు తారుమారయ్యాయి. అవి సరిచేయగానే ఘంటసాల వచ్చి గోడ మధ్యన నిలబడ్డారు. తరువాత స్టీరియోలో ముద్రించిన కచేరీ పెట్టాం. వయొలిన్ ఎడమకు, మృదంగం కుడికి, కాస్త వెనుకగా తంబురా. వెడల్పుతో పాటు లోతు కూడా తెలిసింది.

మిత్రుడు మాట్లాడలేదు. కాసేపటికి లేచి, రెండు పెట్టెల మధ్యనున్న ఖాళీలో చేయి పెట్టి చూశారు.