ప్రతిస్థాపన (గర్భధారణ)

ఫలదీకరణ చెందిన అండము పిండముగా ఎదుగుచు గర్భాశయపు లోపలి పొరకు అతుక్కొని, దానిలోనికి చొచ్చుకొనిపోవుటను '''ప్రతిస్థాపన''' అంటారు. దీనిని విత్తనము నేలలో నాటుకొనుటతో పోల్చుట వాడుక. అయితే ఇచ్చట నేల ఊరకే పడియుండదు. పిండము, గర్భాశయము రసాయనముల ద్వారా ఒకదానికొకటి సంకేతములు పంపుకొంటాయి. ఏ ఒక్కటి సిద్ధముగా లేకున్నను గర్భము నిలువదు.

== గర్భాశయము సిద్ధమగుట ==
28 రోజుల ఋతుచక్రములో సుమారు 20 నుండి 24వ రోజు వరకు మాత్రమే ఈ పొర పిండమును స్వీకరించగలదు. అండము విడుదలైన తరువాత అండాశయములో ఏర్పడే కార్పస్ లూటియం నుండి వచ్చే ప్రొజెస్టిరాన్ హార్మోను దీనిని సిద్ధపరచును. గర్భాశయ గ్రంథులు స్రవించే లిఫ్ అను ప్రోటీను పాత్ర 1992లో ఎలుకలపై జరిగిన ప్రయోగము వలన తెలిసినది. లిఫ్ జన్యువు లేని ఆడ ఎలుకలలో పిండములు చక్కగా ఏర్పడినను అతుక్కొనలేదు. అవే పిండములను మామూలు ఎలుకల గర్భాశయములోనికి మార్చగా నాటుకొని పెరిగినవి. అనగా లోపము పిండములలో లేదు.

== పిండము పంపే సంకేతములు ==
ఐదారు రోజుల పిండమును బ్లాస్టోసిస్ట్ అంటారు. ఇది తనపైనున్న తొడుగును చీల్చుకొని బయటపడుతుంది. దీని వెలుపలి కణములపైనున్న ఎల్-సెలెక్టిన్ అను ప్రోటీను గర్భాశయపు పొరమీది చక్కెర అణువులను పట్టుకొంటుంది. తెల్ల రక్తకణములు రక్తనాళపు గోడను పట్టుకొనునది కూడ ఈ ప్రోటీనుతోనే.

అతుక్కొన్న పిండము హెచ్.సి.జి. అను హార్మోనును విడుదల చేయును. ఇది తల్లి రక్తములో కలిసి అండాశయమును చేరి, కార్పస్ లూటియం క్షీణింపకుండ కాపాడును. ఈ కబురు అందనిచో ప్రొజెస్టిరాన్ తగ్గి ఋతుస్రావము వచ్చును. గర్భము వచ్చి పోయిన సంగతి ఆ స్త్రీకి తెలియకనే పోవచ్చును. ఇంటిలో చేసుకొనే గర్భనిర్ధారణ పరీక్ష గుర్తించునది ఈ హార్మోనునే.

== గుంటూరు ఉదంతము ==
2019 సెప్టెంబరు 5న గుంటూరులో తూర్పు గోదావరి జిల్లాకు చెందిన సుమారు 74 ఏళ్ళ మహిళ శస్త్రచికిత్స ద్వారా కవల ఆడపిల్లలకు జన్మనిచ్చినది. ఆమెకు ఋతుక్రమము ఆగి చాలాకాలమైనందున దాత నుండి అండము తీసికొని ఐ.వి.ఎఫ్. పద్ధతిలో ఫలదీకరింపజేసిరి. అండములు వయసుతో తరిగిపోయినను, హార్మోనులు అందించినచో గర్భాశయపు పొర మాత్రము మరల పిండమునకు బదులు పలుకగలదని ఇటువంటి గర్భములు తెలుపుచున్నవి. పొర స్పందించినంత మాత్రాన ఆ వయసులో గుండె, రక్తనాళములు గర్భభారమును మోయగలవని కాదు. ఈ ప్రసవముపై వైద్యులలో విమర్శలు వచ్చినవి. 2021 నాటి కేంద్ర చట్టము ఇట్టి చికిత్స పొందు స్త్రీ వయసు 50 ఏళ్ళ లోపు ఉండవలెనని నిర్దేశించినది.