కూలెంటు లీకు

కారు ఇంజను చుట్టూ తిరుగుతూ దాని వేడిని రేడియేటరుకు చేరవేసే ద్రవమును కూలెంటు అంటారు. ఇది గొట్టముల నుండి గాని, రేడియేటరు నుండి గాని, ఇంజను లోపలికి గాని కారిపోవుటను కూలెంటు లీకు అని వ్యవహరిస్తారు. ఎండాకాలంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటే కర్నూలు, కడప ప్రాంతాలలో ఈ లోపమును ఆలస్యంగా గుర్తిస్తే ఇంజను హెడ్డు వంగిపోయి, కొన్నిసార్లు ఇంజనునే మార్చవలసి వస్తుంది.

కూలెంటు అంటే ఏమిటి

సాధారణంగా ఇది ఇథిలీన్ గ్లైకాల్, నీరు సమపాళ్ళలో కలిపిన మిశ్రమము. తుప్పు నిరోధక రసాయనాలు, రంగు ఇందులో కలిసి ఉంటాయి. ఇథిలీన్ గ్లైకాలును ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త చార్లెస్ అడాల్ఫ్ వుర్ట్జ్ 1850 దశకంలో మొదట తయారుచేశాడు. చలిదేశాలలో నీరు గడ్డకట్టకుండా వాడుట మొదలైనందున, రాయలసీమలో దీని అవసరం లేదని పలువురు భావిస్తారు. ఇది పొరపాటు. ఈ మిశ్రమము మామూలు వాతావరణ పీడనంలో సుమారు 107 డిగ్రీల వద్ద గాని మరగదు. రేడియేటరు మూత సుమారు ఒక బార్ అదనపు పీడనమును నిలిపి ఉంచుతుంది కనుక మరుగు స్థానం 125 డిగ్రీలు దాటుతుంది. లీకు ఏర్పడితే ద్రవముతో పాటు ఈ పీడనము కూడా పోతుంది. అందువలన కొద్దిగా కారినా ఇంజను త్వరగా మరుగుతుంది.

రాయలసీమ పరిస్థితులు

రేడియేటరు వదిలే వేడి, కూలెంటుకు బయటి గాలికి గల ఉష్ణోగ్రతా భేదంపై ఆధారపడుతుంది. కూలెంటు 95 డిగ్రీల వద్ద ఉన్నదనుకుంటే, 25 డిగ్రీల గాలిలో ఈ భేదం 70. 45 డిగ్రీల గాలిలో 50 మాత్రమే. అంటే మే నెల మధ్యాహ్నం అదే రేడియేటరు పని దాదాపు మూడవ వంతు తగ్గిపోతుంది. కడప - రాయచోటి మధ్య గువ్వలచెరువు ఘాటు, నంద్యాల - గిద్దలూరు మధ్య నల్లమల ఘాటు వంటి ఎక్కుడు దారులలో తక్కువ వేగంతో ఎక్కువ శ్రమ పడే ఇంజనుకు ఇది పరీక్షే. అంతవరకు బయటపడని చిన్న లీకు తరచుగా ఇటువంటి చోటనే బయటపడుతుంది.

రెండవది నీరు. ఇళ్ళలో పరిచే కడప రాయి సున్నపురాయి జాతికి చెందినదే. కర్నూలు, కడప ప్రాంతాలలో విస్తరించిన ఇటువంటి రాతి పొరల గుండా వచ్చే బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు అధికము. ఆ నీటిని రేడియేటరులో పోస్తే, టీ గిన్నె అడుగున పేరుకున్నట్లే సన్నని గొట్టాలలో తెల్లని పెచ్చు కడుతుంది. తుప్పు నిరోధకము పలుచనై అల్యూమినియం భాగాలకు చిల్లులు పడతాయి. లీకును కప్పిపుచ్చటానికి రోజూ బోరు నీళ్ళు పోయుట, అందుచేత, కొత్త లీకులకు దారి తీస్తుంది.

గుర్తించు విధానము

కారు కింద తడి కనిపించినంత మాత్రాన కూలెంటు లీకు కాదు. ఏసీ వాడినపుడు ముందు సీటు కింది భాగంలో రంగు, వాసన లేని నీరు కారుట సహజము. కూలెంటు ఆకుపచ్చ, గులాబీ, నారింజ వంటి రంగులో ఉండి, వేళ్ళకు జారుడుగా తగిలి, తియ్యని వాసన వేస్తుంది. అయితే సీమ ఎండకు నేలమీది మరక నిమిషాలలో ఆరిపోతుంది. కనుక గొట్టాల అతుకుల వద్ద, రేడియేటరు అంచుల వద్ద ఎండిన తెల్లని లేక రంగు చారల కొరకు వెదకుట మేలు. రాత్రి బండి కింద అట్టముక్క పరచి ఉదయం చూచుట సులభమైన పద్ధతి.

వాటర్ పంపు అడుగున ఒక చిన్న రంధ్రము ఉంటుంది. అక్కడ నుండి ద్రవము కారుతుంటే పంపు లోపలి సీలు అరిగినట్లు. కారు లోపల కాలి వద్ద తివాచీ తడిసి, అద్దాలకు జిడ్డు ఆవిరి పడితే హీటర్ కోర్ లీకు.

బయట ఎక్కడా కనిపించక మట్టము తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. వేడెక్కిన తరువాత కూడా సైలెన్సరు నుండి తియ్యని వాసనతో తెల్లని పొగ, ఇంజను ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగుకు మారుట, కూలెంటులో ఎడతెగని బుడగలు దీని లక్షణాలు. వర్క్‌షాపులలో చల్లని ఇంజనుకు చేతిపంపు వంటి పరికరము తగిలించి, మూతపై వ్రాసిన పీడనము వరకు గాలి ఎక్కించి పది పదిహేను నిమిషాలు ముల్లును గమనిస్తారు. ముల్లు దిగినా బయట చుక్క కనిపించకపోతే లీకు లోపలే. మూతను కూడా విడిగా పరీక్షించాలి; ఇది చాలామంది మరచిపోయే చవకైన భాగము.

మరమ్మతు

రబ్బరు గొట్టము గట్టిపడినా, ఉబ్బినా క్లిప్పుతో సహా మార్చుటే మార్గము. పాత ఇత్తడి, రాగి రేడియేటర్లకు టంకము వేసి చిల్లు పూడ్చేవారు. అల్యూమినియం కోర్‌కు ప్లాస్టిక్ ట్యాంకు బిగించిన రేడియేటర్లలో ట్యాంకు పగిలితే టంకము పనికిరాదు. హెడ్ గ్యాస్కెట్ మార్చేటపుడు హెడ్డు వంగినదో లేదో కొలిచి చూడకుండా తిరిగి బిగిస్తే ఖర్చు రెండింతలవుతుంది.

డ్రైవర్లు రేడియేటరులో పసుపు పొడి వేయుట పాత చిట్కా. అది సన్నని చిల్లును తాత్కాలికంగా మూయవచ్చు గాని హీటర్, రేడియేటరు సన్నగొట్టాలను కూడా మూస్తుంది. బజారులో దొరికే లీకు మందులదీ చాలావరకు ఇదే సంగతి. మరమ్మతు తరువాత డిస్టిల్డ్ నీటితో కలిపిన కూలెంటునే నింపి, లోపలి గాలిని పూర్తిగా బయటికి పంపాలి. గాలి బుడగ మిగిలితే లీకు లేకున్నా ఇంజను వేడెక్కుతుంది.

దారిలో వేడెక్కినపుడు

ముల్లు ఎర్ర గీత వైపు పోతుంటే ఏసీ ఆపి, హీటరును పూర్తిగా తిప్పి, వీలైన చోట బండి ఆపి ఇంజను కట్టివేయాలి. వేడిగా ఉండగా మూత తీయరాదు. పీడనము పోగానే ద్రవము ఒక్కసారిగా మరిగి ముఖము మీదికి చిమ్ముతుంది. కనీసం అరగంట ఆగి, పై గొట్టము చేతికి చల్లబడిన తరువాతే మూతను గుడ్డతో పట్టుకొని మెల్లగా తిప్పాలి. కాలే ఇంజనులో చన్నీళ్ళు పోస్తే హెడ్డు పగలవచ్చు. గత్యంతరం లేనపుడు తాగునీరు పోసి దగ్గరి మెకానిక్కు వరకు వెళ్ళవచ్చును. ఆ నీటిని తరువాత తీసివేయించాలి.

విషప్రభావము

ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది కాని విషము. శరీరంలో ఆక్సాలిక్ ఆమ్లముగా మారి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పిల్లలు, కుక్కలు, పశువులు తాగే ప్రమాదం ఉన్నందున తీసిన కూలెంటును కాలువలోనో, పశువులు నీళ్ళు తాగే కుంట దగ్గరనో పారబోయరాదు; శీతల పానీయాల సీసాలలో నిల్వ చేయరాదు. తాగినట్లు అనుమానం కలిగితే లక్షణాల కొరకు ఎదురుచూడక వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. దీనికి ఫోమెపిజోల్ అను విరుగుడు మందు కలదు.