ఇటుక మీద రెండక్షరాలు

వియన్నాలో ఒక పాత మేడను కూలగొడుతున్నారు. రోడ్డు పక్కన ఇనుప తొట్టి నిండా ఇటుకలు. తెలంగాణలోని పరిగి నుంచి వచ్చిన ఒక ఆడబిడ్డ పనికి పోతూ ఆ తొట్టి దగ్గర ఆగిపోయింది. పైన పడి ఉన్న ఇటుక మీద రెండక్షరాలు అచ్చుగుద్ది ఉన్నాయి: హెచ్, డి.

మన దగ్గర ఇటుక నడుమ గుంటలో బట్టీ యజమాని పేరులోని అక్షరాలు ఉండడం ఎవరికైనా తెలిసిందే. పరిగిలో ఇల్లు కట్టే రోజుల్లో ట్రాక్టరు దించిన ఇటుకల మీద వేలితో దిద్దుతూనే ఆమె ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకుంది. ఆ నగరంలో ఎనిమిదేళ్లు గడిపినా అక్కడి రాజభవనాలు, సంగీతశాలలు ఆమెకు పరాయివిగానే ఉండిపోయాయి. ఈ ఇటుక మాత్రం చుట్టంలా కనిపించింది. ఆ అక్షరాలెవరివో కనుక్కుందామనే ఒక ఆదివారం పొద్దున కార్మికవాడల సైకిల్ యాత్రలో చేరింది.

దారి చూపించేది రిటైరైన ఒక బడిపంతులు. వెనక పన్నెండు సైకిళ్లు. బయలుదేరింది నగరానికి దక్షిణాన ఉన్న ఫావొరీటెన్ నుంచి. పర్యాటకుల బస్సులు అటు పెద్దగా రావు. కార్మికుల చరిత్రను సైకిల్ మీద చూడడంలో ఒక న్యాయం ఉందన్నాడాయన. ఆస్ట్రియాలో కార్మికుల సైకిల్ సంఘాలు 1899లోనే ఒక్కటయ్యాయట. ఆ సంఘమే ఇప్పుడు కార్ల యజమానులకు కూడా సేవలందించే పెద్ద సంస్థ.

హెచ్, డి అంటే హైన్రిష్ డ్రాషె. వీనర్‌బెర్గ్ అనే గుట్ట దగ్గర అతని మేనమామ అలోయిస్ మీస్‌బాఖ్ 1819లో ఇటుకల వ్యాపారం మొదలుపెట్టాడు. తర్వాత మేనల్లుడి చేతికి వచ్చింది. 1857లో చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ పాత కోటగోడలు పడగొట్టి, వాటి స్థానంలో రింగ్‌స్ట్రాసె అనే వెడల్పాటి వలయ రహదారి, దాని పొడవునా భవనాలు కట్టమన్నాడు. అంత కట్టడానికి ఇటుక కావాలి. ఇటుకకు మట్టి గుట్ట కింద ఉంది, మనుషులు మాత్రం లేరు. వాళ్లు బొహీమియా, మొరావియా పల్లెల నుంచి, అంటే ఇప్పటి చెక్ దేశం నుంచి, పెళ్లాం బిడ్డలతో నడిచొచ్చారు. ఊరివాళ్లు వాళ్లకో పేరు పెట్టారు, త్సీగెల్‌బ్యోమ్ అని. ఇటుకల బొహీమియావాళ్లు అని అర్థం.

ఆ మాట వినగానే ఆమెకు 'పాలమూరు లేబర్' గుర్తొచ్చింది. దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా, కాలువ తవ్వినా ఆ పేరు వినిపించేది. ఊరి పేరే మనిషి పేరైపోయిన జనం. పరిగి నుంచి కొడంగల్ దాటి ఇంకాస్త పోతే చాలు, ఎండాకాలం రాగానే తాళాలు పడే ఇళ్లు కనబడేవి. గుంపు మేస్త్రీ దసరాకు ముందు ఊళ్లోకి వచ్చి అడ్వాన్సు ఇచ్చిపోయేవాడు. ఆ అడ్వాన్సు తీరేదాకా మనిషి అతనివాడే. వీనర్‌బెర్గ్‌లోనూ సరిగ్గా అలాంటివాడే ఉన్నాడు. కూలీలను ముఠాలుగా కట్టి పని చేయించేవాడు, కంపెనీకీ కూలీకీ నడుమ నిలబడి రెండు చేతులా తినేవాడు. అక్కడ అతని పేరు పార్టీఫ్యూరర్. పేరు ఒక్కటే తేడా.

యాత్రలో అన్నిటికంటే ఎక్కువ సేపు ఆమెను పట్టి ఉంచింది రేకు బిళ్ల. కూలీ డబ్బుల బదులు వాళ్లకు రేకు బిళ్లలు ఇచ్చేవారు. ఆ బిళ్ల బట్టీ ఆవరణలోని కొట్లలోనే చెల్లుతుంది. అక్కడ రొట్టె ధర బయటికంటే ఎక్కువ, సరుకు బయటికంటే నాసి. బిళ్లతో ఊళ్లోకి పోతే మంచినీళ్లు కూడా పుట్టవు. కూలీని ఇలా సరుకుల్లో చెల్లించకూడదని చట్టం అప్పటికే ఉంది. చట్టం నగరంలో ఉంది, బట్టీ గుట్ట కింద ఉంది.

ఈ సంగతి లోకానికి చెప్పింది విక్టర్ ఆడ్లర్ అనే డాక్టరు. 1888లో మారువేషంలో బట్టీలోకి పోయి, చూసింది చూసినట్టు తన పత్రిక 'గ్లైష్‌హైట్'లో రాశాడు. ఆ పేరుకు సమానత్వం అని అర్థం. యాభై మంది పడుకునే ఒకే పొడుగాటి గదిలో, ఒక మూల, రెండు వారాల కింద ప్రసవించిన తల్లి ఉంది. ఆ యాభై మంది మగవాళ్ల ఎదుటే ఆమె కాన్పు జరిగింది. పంతులు ఈ మాట సైకిల్ దిగి చెప్పాడు, తొక్కుతూ చెప్పలేదు. తర్వాత సంచిలోంచి ఒక ఇటుక తీసి అందరి చేతుల్లో పెట్టాడు. మన ఇటుకకంటే పెద్దది, 29 సెంటీమీటర్ల పొడవు, రెండు చేతులా పట్టాల్సిన బరువు. ఒక అంచున, పచ్చి ఇటుకను అచ్చులోంచి తీసినప్పుడు దిగబడిన నాలుగు వేళ్ల గుర్తులు. ఆమె తన వేళ్లు వాటిలో పెట్టి చూసింది. చిటికెన వేలు తప్ప ఏదీ పట్టలేదు.

ఆడ్లర్ రాతతో కూలీల కష్టం ఒక్క రోజులో తీరలేదు. మరుసటి ఏడాదే ప్రభుత్వం ఆ పత్రికను మూయించింది. ఆయన ఇంకోటి పెట్టాడు. 1895లో ఇటుక కూలీలు పెద్ద సమ్మెకు దిగారు. ఇప్పుడు ఫావొరీటెన్‌లో ఆడ్లర్ పేరుతో ఒక కూరగాయల సంత ఉంది. ఆదివారాలు మూసి ఉంటుంది. మిగతా రోజుల్లో అక్కడ కొత్తిమీర, పచ్చిమిర్చి దొరుకుతాయి. ఆమె ఏళ్లుగా అక్కడే కొంటున్నా ఆ పేరు ఎవరిదో అడగలేదని ఆ రోజే ఆమెకు తట్టింది.

లాయెర్‌బెర్గ్ ఎత్తు ఎక్కేసరికి అందరికీ ఆయాసం. పైన బ్యోమిషర్ ప్రాటర్ అనే చిన్న తిరునాళ్ల మైదానం ఉంది. ఆదివారం ఒక్క పూట ఆ ఇటుక కూలీలు తాగి, ఆడి, పాడుకున్న చోటు. చెక్కగుర్రాల రంగులరాట్నం ఇప్పటికీ తిరుగుతోంది. వాళ్ల పిల్లలకు చెక్ భాషలో చదువు చెప్పే బళ్లు ఉండేవి, వాటి మీద గొడవలూ ఉండేవి. మేయరు కార్ల్ లుయేగర్ కాలంలో పౌరసత్వం కావాలంటే నగరపు జర్మన్ స్వభావాన్ని కాపాడతానని ప్రమాణం చేయాల్సి వచ్చేది. ఇవాళ వియన్నా మేడల గుమ్మాల దగ్గరి కాలింగ్ బెల్లుల పలకల మీద నొవాక్, స్వోబొడా, ద్వోరాక్ లాంటి చెక్ పేర్లు ఎన్నో. ఆ పేర్ల వాళ్లలో చాలామందికి ఆ భాషలో ఒక్క ముక్క రాదు. ఇంట్లో తన ఏడేళ్ల కొడుకు తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబిచ్చే సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

1910 నాటికి వియన్నా జనాభా 20 లక్షలు దాటింది. ఇళ్లు ఆ మేరకు పెరగలేదు. మంచం అద్దెకిచ్చేవారు, గది కాదు. రాత్రి పని వాడు లేవగానే పగటి పని వాడు అదే వెచ్చటి పక్క మీద వాలేవాడు. నీళ్లకు ఒక్కో అంతస్తు వరండాలో ఒక్కటే నల్లా, దాని పేరు బస్సేనా. నల్లా కాడి ముచ్చట్లకు ఆ ఊరి భాషలో ప్రత్యేకంగా ఒక మాటే ఉంది. ఇది విని ఆమె నవ్వింది. పరిగి గల్లీలో నల్లా వచ్చే వేళకు బిందెల వరసలో జరిగే ముచ్చట్లకు ఏ భాష సరిపోతుంది!

ఆ ఇరుకు గదుల్లోనే క్షయ పెరిగింది. యూరప్ అంతా దాన్ని వియన్నా జబ్బు అనే పిలిచింది. ఇక్కడ ఆమె మనసు చాలాసేపు యాత్రను వదిలేసింది. వికారాబాద్ పక్కన అనంతగిరి గుట్టల్లో, మూసీ పుట్టే చోటికి దగ్గర్లో, నిజాం కాలం నాటి క్షయ ఆసుపత్రి ఉంది. ఆమె మేనమామ అక్కడ నెలల తరబడి ఉన్నాడు. చెట్ల గాలి మంచిదని డాక్టర్లు అన్నారు. అమ్మ జొన్నరొట్టెలు, కోడిగుడ్లు కట్టుకొని బస్సెక్కేది, బిడ్డను మాత్రం గేటు దగ్గరే కూర్చోబెట్టేది. ఆ గేటు, ఆ వాన వాసన, దూరంగా వరండాలో చెయ్యి ఊపే మామ. సైకిళ్లు ముందుకు వెళ్లిపోయాయి, ఒకరు వెనక్కి వచ్చి పిలవాల్సి వచ్చింది.

మొదటి యుద్ధం తర్వాత 1919 ఎన్నికల్లో నగరం కార్మికుల పార్టీ చేతికి వచ్చింది. ఆ తర్వాత పదిహేనేళ్లలో వాళ్లు చేసింది చదివితే నమ్మబుద్ధి కాదు, కళ్లతో చూస్తే నమ్మక తప్పదు. 60 వేలకు పైగా ఇళ్లు కట్టారు. డబ్బు ఎక్కడిదంటే, హ్యూగో బ్రైట్నర్ అనే ఆర్థిక వ్యవహారాల పెద్ద 1923లో ఇళ్ల మీద కొత్త పన్ను వేశాడు. చిన్న ఇంటికి నామమాత్రం, పెద్ద భవంతికి మోత. అత్యంత ఖరీదైన ఆస్తులు, మొత్తంలో అర శాతం, ఆ పన్నులో దాదాపు 45 శాతం కట్టాయి. కూలీకి ఇంటి అద్దె జీతంలో నాలుగు శాతానికి మించలేదు. ప్రతి ఇంట్లో సొంత నల్లా, సొంత మరుగుదొడ్డి. గోడ మీద ఎర్రటి అక్షరాల్లో, ఈ ఇల్లు వియన్నా నగరం ఫలానా ఏళ్లలో కట్టిందని. మళ్లీ అక్షరాలే, ఈసారి ఒక యజమానివి కావు.

ఆరోగ్యం చూసిన యూలియుస్ టాండ్లర్ కూడా డాక్టరే. 1927 నుంచి నగరంలో పుట్టే ప్రతి బిడ్డకూ బట్టల మూట ఉచితంగా ఇప్పించాడు. పసిగుడ్డును పాత పేపర్లో చుట్టే గతి ఎవరికీ పట్టకూడదని ఆయన పట్టుదల. 2017లో మన సర్కారు దవాఖానాల్లో బాలింతలకు కేసీఆర్ కిట్ ఇస్తున్నప్పుడు ఆమె చెల్లెలు పరిగి నుంచి ఆ డబ్బా ఫొటో పంపింది, సబ్బు, దోమతెర, చిన్న చిన్న బట్టలు. ఆ ఫొటో ఇంకా ఫోన్‌లో ఉంటే తీసి పంతులుకు చూపించింది. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి చాలాసేపు చూశాడు.

యాత్రలో చివరిది హైలిగెన్‌స్టాట్‌లోని కార్ల్ మార్క్స్ హోఫ్. కార్ల్ ఏన్ గీసిన నమూనా, 1930లో తెరిచారు, 1,382 ఇళ్లు, కిలోమీటరుకు పైగా పొడవు. స్థలంలో అయిదో వంతు కూడా కట్టడం కాదు, మిగతాదంతా చెట్లు, తోటలు. బట్టలుతికే సామూహిక గదులు, స్నానశాలలు, పిల్లల బడి, గ్రంథాలయం. 1934 ఫిబ్రవరి 12న అంతర్యుద్ధం మొదలైంది. దేశ ప్రభుత్వం ఈ ఇళ్ల మీదికి ఫిరంగులు పేల్చింది. కార్మికుల పార్టీని నిషేధించింది. ఉతుకు గదుల్లో ఒకటి ఇప్పుడు మ్యూజియం. రెండో అంతస్తులో ఎవరో దుప్పటి దులుపుతున్నారు. ఆ వాడల్లో ఇళ్లు ఇప్పటికీ నగరానివే, ఇప్పటికీ అద్దె తక్కువే.

మట్టి తీసిన వీనర్‌బెర్గ్ గుంతల్లో నీళ్లు నిండి చెరువులయ్యాయి. జనం ఈతకొడతారు, బాతులు తిరుగుతాయి. మీస్‌బాఖ్ పెట్టిన ఆ కంపెనీ ఇవాళ ప్రపంచంలోకెల్లా పెద్ద ఇటుకల కంపెనీ, కర్ణాటకలోని కుణిగల్‌లోనూ దానికి ఫ్యాక్టరీ ఉంది. గుంతలు చెరువులైనందుకు సంతోషించాలా, ఆ నీళ్ల అడుగున ఎవరి చెమట ఉందో గుర్తుచేసే పలక పెద్దదిగా లేదని బాధపడాలా, ఆమె తేల్చుకోలేదు.

రాత్రి పరిగికి ఫోన్ చేసింది.

"అమ్మా, మన ఇంటి ఇటుకల మీద ఏం అక్షరాలుండె?"

"ప్లాస్టరింగ్ అయినంక ఎవలు జూస్తరు బిడ్డా. ఆగు, ఎనక కొట్టం గోడకు సిమెంటు పెట్టలే గద." చెప్పుల చప్పుడు, తలుపు గొళ్లెం, టార్చి నొక్కిన శబ్దం. "ఎస్సు ఉన్నది, రెండోది అరిగిపోయింది."

"చేసినోళ్లు ఎవరో యాదికున్నదా?"

"ఎందుకు లేదు. ఒడిశా నుంచి వచ్చిన్రు, చెరువు కింద గుడిసెలేసుకున్నరు. ఒకామె నీ తోటి పిల్లను సంకల ఎత్తుకొని ఉప్పుకు వచ్చేది. వాళ్ల దగ్గర పైసలుండకపోయేది బిడ్డా. మేస్త్రీ చిట్టీ రాసిస్తుండె. ఆ చిట్టీ ఒక్క దుకాణంలనే నడుస్తుండె. గా దుకాణం ఉప్పుల ఇసుక వస్తదని ఆమె మన ఇంటికి వచ్చి చారెడు ఉప్పు అడుక్కపోయేది."