చించని కాగితం

1944 అక్టోబర్ 9. పొద్దున్నే. జర్మనీ సరిహద్దులో అమెరికా సైన్యం వంటవాడి ముందుకొచ్చి నిలబడ్డాడు ఓ సిపాయి. ఎడ్డీ స్లోవిక్. వయసు 24. చేతిలో కాగితం. పారిపోయాను, ముందుకు పంపితే మళ్లీ పారిపోతాను. తన చేత్తోనే రాసుకొచ్చాడు.

కాగితం లెఫ్టినెంట్ కల్నల్ రాస్ హెన్‌బెస్ట్ చేతికొచ్చింది. చించేసి నీ దళానికి వెళ్లిపో అన్నాడాయన. ఎడ్డీ వద్దన్నాడు. సరే, ఇది నీకే ఎసరు పెడుతుందని తెలిసే ఇచ్చానని వెనకాల రాయి, అన్నాడు కల్నల్. ఎడ్డీ రాశాడు. సంతకం పెట్టాడు.

అంతకుముందు ఆగస్టులో ఫ్రాన్స్‌లోని ఎల్బఫ్ దారిలో నెత్తిన ఫిరంగి గుండ్లు పడుతుంటే గోతిలో ముడుచుకుపోయి, దళం నుంచి తప్పిపోయి, కెనడా సైనికుల పంచన ఆరు వారాలు గడిపి, తిరిగొచ్చి, భయమేస్తోంది, వెనకెక్కడైనా పని ఇప్పించండని కెప్టెన్‌ని బతిమాలి, కుదరదనిపించుకున్న మనిషి. కుర్రతనంలో దొంగతనాలకు జైలుకెళ్లొచ్చాడు. యుద్ధం కంటే జైలే నయమనుకున్నాడు. జైలే వేస్తారనుకున్నాడు.

నవంబర్ 11. జర్మనీలోని రోట్‌గెన్. సైనిక విచారణ. తొమ్మిది మంది అధికారులు. రెండు గంటలు కూడా పట్టలేదు. మరణశిక్ష! డిసెంబర్ 9న ప్రాణభిక్ష పెట్టమని సర్వసేనాని ఐసెన్‌హోవర్‌కి ఉత్తరం రాసుకున్నాడు. వారం తిరిగేసరికి ఆర్డెన్స్ అడవుల్లోంచి జర్మన్లు విరుచుకుపడ్డారు. దయకు అంతకన్నా చెడ్డ కాలం ఉండదు. 23న ఐసెన్‌హోవర్ సంతకం పడింది.

1945 జనవరి 31. ఫ్రాన్స్‌లోని సెంట్ మరీ ఓ మీన్. వోజ్ కొండల నిండా మంచు. ఎత్తైన గోడల మధ్య ఓ ఇంటి పెరడు. యూనిఫాం మీది గుర్తులన్నీ పీకేశారు. చలికి వణకకుండా భుజాల మీద దుప్పటి మాత్రం కప్పారు. ఎదురుగా పన్నెండు మంది, అతనిలాంటి సిపాయిలే. ఒక తుపాకీలో ఉత్తుత్తి తూటా. అది ఎవరి దగ్గరుందో వాళ్లకీ తెలీదు.

10 గంటల 4 నిమిషాలు. తుపాకులు పేలాయి. ప్రాణం పోలేదు. మళ్లీ తూటాలు నింపుతున్నారు. అప్పుడు పోయింది.

ఆ యుద్ధంలో పారిపోయినందుకు మరణశిక్ష పడ్డ అమెరికా సిపాయిలు 49 మంది. కాల్చింది ఒక్కణ్నే.

డెట్రాయిట్‌లో భార్య ఆంటోనెట్. అతను ఎలా పోయాడో ఆమెకు 1953 దాకా తెలీదు. క్షమాభిక్ష కోసం అధ్యక్షుడి తర్వాత అధ్యక్షుడికి అర్జీ పెట్టింది. 1979లో కన్నుమూసింది. 1987లో ఫ్రాన్స్ నుంచి ఎడ్డీ ఎముకలు తెచ్చి ఆమె పక్కన పూడ్చారు.