మడతచాకు తరములు – మన ఉక్కు కథ

చాకు మిక్కిలి చిన్న వస్తువు. రాజుల ఖడ్గములకు కథలున్నవి, కావ్యములున్నవి. జేబులో మడచి పెట్టుకొను చాకునకు కూడ ఒక చరిత్ర కలదని తలచువారు అరుదు. అయినను ముప్పది యేండ్లకు పైగా గుమాస్తా కుర్చీలో కూర్చున్న మాకు ఖడ్గముకంటె చాకే దగ్గరి చుట్టము. పెన్సిలు చెక్కుటకు, లక్కముద్ర విప్పుటకు, ఫైళ్ళ నాడాలు కోయుటకు, మధ్యాహ్నము మామిడికాయ తరుగుటకు అదియే దిక్కు. అందుచేత ఈ సంచిక చదువరులకు మడతచాకు తరములను గూర్చి నాలుగు మాటలు విన్నవింపదలచితిమి. ఆ కథ ఎక్కడెక్కడ తిరిగినను తుదకు తెలుగువారి కొలిమి వద్దకే వచ్చి నిలుచుట మాకు ఆశ్చర్యము కలిగించినది.

వ్రాతకును కత్తికిని చుట్టరికము నేటిది కాదు. తాటియాకులపై వ్రాయు దినములలో గంటము ఎంత అవసరమో, ఆకుల అంచులు సరిచేయు కత్తియు అంత అవసరము. దక్షిణదేశమున గంటమును కత్తియు ఒకే పిడిలోనికి మడచుకొనునట్లు చేసిన పనిముట్లు కలవు. పిదప కాగితము వచ్చినది, రెల్లుకలము వచ్చినది, కలము చెక్కుకొనుటకు చిన్నకత్తి వచ్చినది. చాకు అను మాట పారసీకుల మార్గమున మన భాషలో చేరినది. ఇక్కడి మన మరాఠీ పొరుగువారును చాకూ అనియే అందురు. ఈకతో వ్రాసిన ఇంగ్లీషువారు ఆ ఈకను చెక్కు కత్తికి పెన్‌నైఫ్ అని పేరు పెట్టిరి. కలమునకు పుట్టిన ఆ పేరు ఈక పోయిన తరువాతను నిలిచియున్నది.

కత్తికి ప్రాణము పిడిలో లేదు, ఉక్కులో నున్నది. ఆ ఉక్కు విషయమున ఒకనాడు ప్రపంచము మనవైపు చూచినది. 17వ శతాబ్దిలో గోలకొండ రాజ్యమును చూచిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, పారసీకుల అలల చారల కత్తులకు వలయు ఉక్కు గోలకొండ నుండియే పోవునని వ్రాసెను. గోదావరికి దక్షిణమున, నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము ఈ ఉక్కునకు పేరుపొందిన గ్రామము. భూమి కొలతల శాఖలో వైద్యుడుగను భూగర్భ పరిశోధకుడుగను పనిచేసిన డాక్టరు హెన్రీ వాయిసీ ఆ గ్రామమునకు పోయి, కమ్మరులు పని చేయు రీతిని కన్నులార చూచి వ్రాసిపెట్టెను. రెండు వేర్వేరు చోట్ల ఇనుమును మట్టిమూసలో నుంచి, మూత బిగించి, రేయింబవళ్ళు కొలిమిలో కాల్చెడివారు. ఆ ఉక్కుముద్దలను కొనుటకు పారసీక వర్తకులు అంతదూరము వచ్చి కాచుకొనియుండెడివారు. వాయిసీ 1824లో మరణించెను. ఆయన వ్రాసినది 1832లో కలకత్తాలో అచ్చయినది. ఆయన పై యధికారి లాంబ్టన్ దొర మన పొరుగుననే యున్న హింగన్‌ఘాట్‌లో 1823లో కన్నుమూసెను. కావున ఈ చరిత్ర మన చంద్రపూరునకు మరీ దూరమైనది కాదు.

ఇక ఆ ఉక్కునకును జేబుచాకునకును కలిసిన దినమును చెప్పెదము. 1794లో బొంబాయి నుండి డాక్టరు హెలెనస్ స్కాట్ లండనులోని రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌నకు మనదేశపు ఉక్కుముద్దలను పంపెను. మరుసటి యేట డాక్టరు జార్జి పియర్సన్ దానిని పరీక్షించి సొసైటీకి నివేదిక సమర్పించెను. ఆ పరీక్షలో భాగముగ జేమ్స్ స్టోడార్ట్ అను లండను కత్తులపనివాడు దానితో చేసినది ఖడ్గము కాదు, బల్లెము కాదు, ఒక పెన్‌నైఫ్! దాని వాదర శ్రేష్ఠమైన ఉక్కుకత్తికి తీసిపోలేదని తేలినది. ఆ స్టోడార్ట్‌తో కలిసియే మైకేల్ ఫారడే 1820 ప్రాంతమున ఉక్కు మిశ్రమములపై ప్రయోగములు చేసెను. వారందరు ఆ ఉక్కును వూట్జ్ అనిరి. అది తెలుగు కన్నడములలోని ఉక్కు అను మాటయొక్క మారురూపమని పండితులు చెప్పుదురు.

పిమ్మట ప్రాభవము ఇంగ్లండునందలి షెఫీల్డు నగరమునకు పోయెను. నక్షత్రము, శిలువ గుర్తుగల జోసెఫ్ రాడ్జర్స్ వారి చాకులు మనదేశమునందును మన్నన పొందినవి. ఆ చాకులో వెన్నువైపు ఒక కమ్మీ యుండును. అలుగును తెరచినప్పుడు ఆ కమ్మీ నొక్కిపట్టును. సొగసైన పనియే, కాని లోపము రెండు విధములు. మొదటిది తుప్పు. 1913లో షెఫీల్డుననే హ్యారీ బ్రియర్లీ తుప్పుపట్టని ఉక్కును పోసినతరువాత ఆ బాధ తగ్గినది. రెండవది, బలముగ నొక్కినచో అలుగు వ్రేళ్ళపైకి మడతపడుట. దీనికి మందు వేర్వేరు దేశములవారు వేర్వేరుగ కనుగొనిరి. ఫ్రాన్సున ఒపినెల్ వారు 1955లో పిడి కంఠమున త్రిప్పుడు ఉంగరమును అమర్చిరి. అమెరికాలో బక్ వారు 1964లో వెన్నుకమ్మీకే గట్టి తాళము పెట్టిరి. స్విట్జర్లాండులో కార్ల్ ఎల్సెనర్ 1897లో రిజిస్టరు చేయించిన అధికారుల చాకు మరియొక త్రోవ పట్టి, ఒకే పిడిలో అనేక పనిముట్లను చేర్చినది.

నేటి కాలమున మిక్కిలి ఖరీదుగల మడతచాకులలో సెబెంజా యనునది యొకటి. దక్షిణాఫ్రికాలో పుట్టి, 1989లో అమెరికాలోని ఐడహో రాష్ట్రమునకు వలసపోయిన క్రిస్ రీవ్ దాని సృష్టికర్త. సెబెంజా యనగా జూలూ భాషలో పని యని అర్థము. వెల నాలుగువందల డాలర్లకు పైమాట. మా బంధువుల బిడ్డ యొకడు అమెరికాలో స్థిరపడి, వరుసగా మూడు తరముల సెబెంజాలను కొని దాచుకొన్నాడు. సెలవులకు వచ్చినప్పుడు వానిని మూటగట్టి తెచ్చి మా ముందు పెట్టగా, పక్కపక్కన నుంచి పోల్చి చూచితిమి.

మొదటి తరము 1990 ప్రాంతమున వచ్చినది. పిడి రెండు టైటేనియము పలకలు. అందొక పలకనే చీల్చి, ఆ చీలికనే కమ్మీగ వంచి, తెరచిన అలుగు మడమను అదియే వచ్చి అడ్డుకొనునట్లు చేసిరి. వేరు తాళము లేదు, పిడియే తాళము. రెండవ తరమైన సెబెంజా 21 2008లో వచ్చినది. పైకి చూచిన అన్నదమ్ములవలె నుండును. పిడి ఒంపులలో కొంత భేదము, పని తీరు మాత్రము ఒక్కటే. మూడవ తరమైన సెబెంజా 31 2019–20లో వచ్చినది. ఇందు టైటేనియము పలక ఉక్కుపై నేరుగ రాచుకొనకుండ, తాళపు కొసయందు ఒక చిన్న పింగాణి గుండును పొదిగిరి, అరుగుదల తగ్గినది. జేబునకు తగిలించు కొక్కెమును కొంచెము ప్రక్కకు జరిపి, తాళపు పలకపై భారము పడకుండ చేసిరి. ఇవి తప్ప తక్కినదంతయు తాతనాటి రూపమే.

చూచి మేము తేల్చినది చెప్పుచున్నాము. వాడుకొనువానికి 21నకును 31నకును భేదము స్వల్పము. 21 ఉన్నవాడు దానిని మార్చుకొన నక్కరలేదు. క్రొత్తగ కొనువాడు 31 కొనవచ్చును. పాత తరము కత్తిని పంపినను కంపెనీవారు విప్పి, శుభ్రపరచి, పదును పెట్టి తిరిగి పంపుదురు. మనుమడు పుట్టినాడని తాతను వీధిలో విడువలేదన్నమాట. మంచి వస్తువునకు తరము మారుట యనగా ఇదియే: కుదిరినదానిని కదపక, అరిగినచోటును మాత్రమే సరిదిద్దుట.

పిడికంటె ఎక్కువగ మారినది అలుగులోని ఉక్కు. 2001 నుండి ఎస్30వి, పిదప ఎస్35విఎన్, ఆ పిదప ఎస్45విఎన్, ఇటీవల మాగ్నకట్. ఎస్30వి పేరునందలి వి యను అక్షరము వెనేడియము అను లోహమునకు గుర్తు. వాదరను చిరకాలము నిలుపునది అదియే. ఇచ్చట పాఠకులు ఒక్క క్షణము ఆగవలెను. 1998లో అమెరికా శాస్త్రజ్ఞుడు వెర్హోవెన్, కమ్మరి పెండ్రేతో కలిసి, పూర్వపు అలల చారల కత్తుల రహస్యమును గూర్చి తమ పరిశోధనను ప్రకటించెను. ఆ యుక్కులో లేశమాత్రముగ నున్న వెనేడియమువంటి లోహములే ఆ చారలకు కారణమని వారి నిర్ణయము. మన కమ్మరులకు వెనేడియము పేరు తెలియదు. ఏ గుట్ట ఇనుము ఏ గుట్ట ఇనుముతో కలిపిన మేలో వారి చేతికి తెలియును. అయితే అది చేతిలోనే యుండెను; కాగితముపైకి ఎక్కలేదు.

ఎస్30వి మొదలు మాగ్నకట్ వరకు ఆ ఉక్కులను పోసిన అమెరికా కంపెనీ పేరు క్రూసిబుల్. ఆ మాటకు అర్థము మూస! మన కోనసముద్రపు మట్టిమూసయే వారి కంపెనీ పేరైనది. ఆ కంపెనీ 2024 డిసెంబరులో దివాలా దరఖాస్తు పెట్టినది. కాని ఏ పాళ్ళలో ఏమి కలపవలెనో వ్రాసియున్నది గనుక మరియొక కార్ఖానా ఆ యుక్కును పోయగలదు. కోనసముద్రపు కొలిమి చౌకగ వచ్చిన సీమ ఉక్కు ముందు నిలువలేక చల్లారినప్పుడు దానితో విద్యయు చల్లారినది. 2010లో ఇంగ్లండు ఎక్సెటర్ విశ్వవిద్యాలయమువారును బెంగుళూరు శాస్త్రజ్ఞులును కలిసి ఉత్తర తెలంగాణ గ్రామములలో తిరిగి, చిట్టెపు రాళ్ళను మూసపెంకులను ఏరి పరీక్షింపవలసివచ్చినది. తాతలు మనుమలకు చెప్పవలసిన మాటను పెంకులను అడిగి తెలిసికొనుచున్నాము.

ఈ సంగతి తుకుంలో నున్న మనకు మరింత పట్టవలెను. 1874లో సిరొంచ తాలూకా చాందాలో చేరిననాటి నుండి ఈ సీమలో తెలుగు ఉన్నది. తరువాత బొగ్గుగనులకు, రైలుకు, బల్లార్‌పూర్ కాగితపు మిల్లునకు పనికై వచ్చిన కుటుంబములును ఇక్కడ వేళ్ళూనినవి. మన పిల్లలు మరాఠీ బడిలో పోలాద్ అందురు, ఇంగ్లీషు బడిలో స్టీలు అందురు. రెండును నేర్వవలసినవే. కాని ప్రపంచపు లోహశాస్త్ర గ్రంథములన్నిటను వూట్జ్ అను రూపమున నిలిచియున్న మన మాట మన యింటి పిల్లల నోట లేకపోవుట న్యాయమా?

కనుక సంఘసభ్యులకు మా మనవి యొక్కటి. ఇంటి పెట్టెలలో పాత చాకో, గంటమో, అడకత్తెరయో ఉన్నచో పాత ఇనుమువానికి వేయకుడు. అది ఎవరిది, ఏ యూరినుండి వచ్చినది, ఏ పనికి వాడిరి, దాని భాగములను ఇంట ఏమని పిలిచెడివారు అను నాలుగు సంగతులను ఒక చీటిపై తెలుగున వ్రాసి దానికి కట్టియుంచుడు. చీటి వ్రాయునప్పుడు పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొనుడు. వీలైన వారిచేతనే వ్రాయింపుడు.