పాత ట్రాక్టర్ కొంటున్నారా? రంగు కాదు, రాత చూడండి

మాది భట్టిప్రోలు. ఊరి పేరు చెప్పగానే స్తూపం గురించే అడుగుతారు. 1892లో అలెగ్జాండర్ రే తవ్వకాల్లో దొరికిన ధాతు పేటికల మీద రాత చదివే కదా, అది ఏ కాలందో అంచనా వేశారు! ఈ రోజు మనం ఇంకో రాత చదువుదాం. పాత ట్రాక్టర్ల చరిత్ర.

నా చిన్నప్పుడు మా నాన్న ఒక సెకండ్ హ్యాండ్ బండి కొన్నాడు. ఏ కంపెనీదో చెప్పను, తప్పు మాది. కొత్త పెయింట్ చూసి మోసపోయాం. దమ్ముకి దింపిన రెండో రోజే లిఫ్ట్ లేవలేదు. కాలవకి నీళ్లొచ్చాయి, పక్కోళ్ల ఊడ్పులు అయిపోయాయి, మా చేను అలాగే ఉండిపోయింది. అందుకే ఇంత పట్టుగా చెప్తున్నా.

మన దేశంలో తయారైన మొదటి ట్రాక్టర్ ఐషర్. 1959, ఫరీదాబాద్. ఒకటే సిలిండర్, గాలికే చల్లబడే ఇంజిన్, రేడియేటర్ గొడవే లేదు.

1960లో మద్రాసులో టాఫే మొదలైంది. వాళ్లదే మాస్సీ ఫెర్గూసన్. 1035కి మూడు సిలిండర్ల సింప్సన్ ఇంజిన్. హ్యారీ ఫెర్గూసన్ కనిపెట్టిన లిఫ్ట్ పద్ధతి దీని బలం. నేల గట్టిగా తగిలితే గొర్రుని తనే కాస్త పైకి లేపుకుంటుంది.

1963లో మహీంద్రా, అమెరికా ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసింది. అలా వచ్చిందే బి-275, నాలుగు సిలిండర్లు. 1971లో ఎస్కార్ట్స్ ఫోర్డ్ బళ్లు, హెచ్ఎంటీ చెక్ దేశపు జెటార్ బళ్లు తయారు చేశాయి. 1974లో స్వరాజ్ వచ్చింది. దాని డిజైన్ దుర్గాపూర్‌లోని మన ప్రభుత్వ పరిశోధనా సంస్థది, విదేశీ సాయం లేకుండా.

మరి ఏది గొప్ప? అరుగుల మీద ఈ వాదన ఎంత విన్నానో! తమాషా ఏంటంటే, 2005లో ఐషర్ ట్రాక్టర్లని టాఫే కొనేసింది. 2007లో స్వరాజ్ మహీంద్రా చేతికి వెళ్లింది. పోట్లాడుకున్నవాళ్లంతా ఒకే ఇంటివాళ్లయ్యారు. హెచ్ఎంటీ ట్రాక్టర్ల విభాగం మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది.

అంటే, బండి ఎంత మంచిదైనా స్పేర్ పార్ట్ దొరక్కపోతే ఇనుమే. మన డెల్టా నల్లరేగడిలో దమ్ముకి బరువైన బండి దిగబడుతుంది. అందుకే నా ఓటు 1035కి, తర్వాత చిన్న స్వరాజ్‌కి.

కొనేముందు మూడు పనులు చేయండి. ఇంజిన్, ఛాసిస్ నంబర్లు ఆర్సీతో సరిపోల్చండి. చెరిపి కొట్టినట్టుంటే వదిలేయండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. గొర్రు తగిలించి, పైకెత్తి, కాసేపు ఆగండి. అది మెల్లగా కిందికి జారుతోందా, లిఫ్ట్‌లో తేడా ఉన్నట్టే.

ఆ రోజు మా నాన్న ఈ మూడోది చేసుంటే చాలు, మా చేను కూడా అందరితోపాటే ఊడ్చేవాళ్లం. ఉంటాను మరి.